ఇక్కడ మేమంతా క్షేమం

నిన్న సాయంత్రం అరవై ఒకటి ఉన్న అంకె, పొద్దున్న నూకరత్నం ఐసు గది తలుపు తీసేసరికి పంతొమ్మిదికి పడిపోయింది.

ఆమె కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. పంతొమ్మిదే.

"టీచరుగారూ" అని పిలిచింది. ఆ పిలుపు ఆమెకే సరిగ్గా వినబడలేదు. గుమ్మం దాకా వెళ్లి, గొంతు సవరించుకుని మళ్లీ పిలిచింది.

హైమవతి టీచరు చేతిలో టీ గ్లాసుతోనే వచ్చారు. తెర చూశాక గ్లాసు కింద పెట్టారు. అప్పటికి అందులో టీ సగం కూడా తాగలేదు.

పీతలరేవులో ఐసు ఫ్యాక్టరీ మూతపడి చాలా ఏళ్లయింది. దాని వెనక గది మాత్రం ఎండాకాలంలోనూ చల్లగా ఉంటుంది. చేపలు పెట్టే థర్మోకోల్ పెట్టెల మధ్య ఊరి మెయిల్ సర్వర్‌ని నడిపేది అక్కడే. ఊళ్లోవాళ్లు దాన్ని టపా అంటారు. ఒకే ఫోన్ నుంచి ఆరేడు ఇళ్లవాళ్లు ఉత్తరాలు రాస్తుంటే పెద్ద కంపెనీలు వాళ్లను మనుషులని నమ్మలేదు, ఖాతాలు మూసేశాయి. ముప్పావు వంతు మగవాళ్లు పడమటి తీరంలో పడవల మీద పనికి పోయిన ఊరు అది. ఇళ్లకీ వాళ్లకీ మధ్య మాట తెగిపోయింది. అప్పుడు టీచరు పాత కంప్యూటర్లు రెండు తెచ్చి ఊరికి సొంత సర్వర్ పెట్టారు.

పెట్టడం తేలికే. దాన్ని నలుగురూ నమ్మేలా చేయడం కష్టం. ముక్కూ మొహం తెలియని సర్వర్ ఉత్తరం తెస్తే వచ్చిన ఉత్తరాల్ని సరిచూసి తీసుకునే అవతలి కంప్యూటర్ గేటు "తర్వాత రా" అంటుంది. దొంగ సర్వర్ మళ్లీ రాదు. నిజమైనది కాసేపాగి మళ్లీ తలుపు తడుతుంది. అలా రోజుకి పది ఉత్తరాలు, తర్వాత ఇరవై, తర్వాత ముప్పై పంపుతూ, జవాబులు తెచ్చుకుంటూ ఎనిమిది నెలల్లో నమ్మిక అంకెని సున్నా నుంచి అరవై ఒకటికి తెచ్చారు. అంకె నలభై కంటే తగ్గితే ఉత్తరాలు చెత్తబుట్టలో పడతాయి. ఇరవై కంటే తగ్గితే గేటు వాటిని తీసుకుని చప్పుడు చేయకుండా మింగేస్తుంది. తిప్పి కూడా పంపదు.

"నిన్న ఎన్ని పంపావు?" అన్నారు టీచరు.

"నలభై మూడు."

"అన్నీ నువ్వే రాశావా?"

రత్నం తల ఊపింది. నిన్న గంగమ్మ పండగ. ఆడవాళ్లంతా వరసకట్టి కూర్చున్నారు. ఒకరి తర్వాత ఒకరు చెబుతుంటే ఆమె రాస్తూ పోయింది. ప్రతి ఉత్తరం ఒకేలా మొదలైంది. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను. ఇంకోలా మొదలుపెడితే ఎవరూ ఒప్పుకోరు. ఆ మాట లేకుండా వచ్చిన ఉత్తరం చావు కబురని ఆ ఊళ్లో లెక్క.

రత్నం ఛాతీకి కట్టుకున్న పట్టీ వంక టీచరు చూశారు. వేలెడు వెడల్పు, బూడిద రంగు. యంత్రాలు మనుషుల్లాగే ఉత్తరాలు రాయడం నేర్చాక ఏది ఎవరు రాశారో తెలియక లోకమంతా తికమకపడింది. అప్పుడు వచ్చింది ఈ ఊపిరి పట్టీ. మనిషి రాసేటప్పుడు కష్టమైన మాట దగ్గర ఊపిరి బిగబడుతుంది. అబద్ధం దగ్గర పొట్టిగా తెగుతుంది. ప్రేమగా రాసేచోట పొడవుగా సాగుతుంది. వేళ్ల కదలికనీ ఊపిరినీ కలిపి పట్టీ ఒక ముద్ర వేస్తుంది. దాన్ని ఏ యంత్రమూ ఇప్పటిదాకా దొంగగా వేయలేకపోయింది. ప్రతి సర్వర్‌కీ బతికున్న మనిషి ఒకరు తన ఊపిరితో పూచీ ఉండాలి. పీతలరేవు టపాకి పూచీ పదహారేళ్ల రత్నం.

"ఒక్క రోజులో నలభై మూడు పేర్లు, ఒకే ఊపిరి, ఒకే మొదటి వాక్యం" అన్నారు టీచరు మెల్లగా. "మన సర్వర్ నీ ఊపిరిని దొంగిలించి వాడుకుంటోందని గేటు అనుకుంటుంది. ఆ సంగతి నాకు తట్టాల్సింది. తప్పు నాదే."

"ఎప్పటికి బాగవుతుంది?"

"మళ్లీ రోజుకి పది నుంచి మొదలుపెట్టాలి. నాలుగు నెలలు పట్టచ్చు."

నాలుగు నెలలంటే ఆ క్షణంలో రత్నానికి బాధే అనిపించింది. భయం పదింటికి వచ్చింది.

*

పదింటికి ఆమె ఇంటికి వెళ్లేసరికి వాకిట్లో వడ్రంగి సన్నాసి కేకలేస్తున్నాడు.

"ఎవులే నా మందు పీపాలో నీలు పోసినారు? పొద్దుట్నించి పడవ సెక్కకి పూస్తన్నాను. పూస్తన్నాను, ఆరిపోతంది. పూస్తన్నాను, ఆరిపోతంది. నోట్లో ఏసుకు సూస్తే మంచినీలు!"

"తాగీసినావేటి? మందనుకునే తాగినావా?" అంది ఎదురింటి కొర్లమ్మ చేపల బుట్ట దించుకుంటూ. "నిన్ను కట్టుకున్నదానికి పుణ్యం రావాల."

అందరూ నవ్వారు. రత్నం నవ్వలేదు. సన్నాసి పక్కనున్న నీలం పీపా మీద ఆమె చూపు ఆగిపోయింది. దాని మీద పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఉంది.

వాళ్లింట్లో నీలం పీపాలు మూడు. మూడూ ఒకే కొలత, ఒకే రంగు. రెండింట్లో పడవకి మంచినీళ్లు పడతారు. మూడోది చెక్కని పురుగు తినకుండా కొట్టే మందుది. ఆ మందుకి రంగు లేదు, చెప్పుకోదగ్గ వాసనా లేదు. అందుకని గుర్తు ఒకటి పెట్టుకున్నారు. బొట్టున్నది తాగే నీళ్లు, బొట్టు లేనిది మందు.

"మామ్మా" అంది రత్నం. "సోమవారం పడవకి పూజ చేశావు కదా. పీపాలకి బొట్లు ఎన్నింటికి పెట్టావు?"

వసారాలో వల చిక్కులు తీస్తున్న పోలమ్మ తలెత్తింది. "ఎన్నింటికేటే? పడవ పూజన్నారు. తెడ్డుకి ఎట్టాను, లంగరుకి ఎట్టాను, పీపాలకి ఎట్టాను. గంగమ్మ తల్లి ముందర ఒకదానికెట్టి ఒకదానికి మానేత్తానేటి?"

సన్నాసి పీపా మీద చెయ్యి వేసి, కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు. నీళ్ల పీపా ఒకటి ఇక్కడ ఉండిపోయిందంటే, మందు పీపా పడవెక్కింది.

సోమవారం తెల్లారి రత్నం తండ్రి దానయ్య నలుగురితో కలిసి 'గంగాభవాని' మీద లోతు వేటకి వెళ్లాడు. అయిదుగురికి ఒక పీపా మూడు రోజులు వస్తుంది. అది అయిపోయాకే రెండోది తెరుస్తారు. మొదటిది మంచినీళ్లదే అయితే రెండోది తెరిచేది ఈ సాయంత్రం.

మొదటిదే మందుదైతే ఏమవుతుందో ఎవరూ పైకి అనలేదు.

"సోమారం సాయంత్రం అయ్య దగ్గర్నించి టపా వచ్చింది కదేటి" అంది కొర్లమ్మ, రత్నం భుజం పట్టుకుని. "వచ్చిందా లేదా?"

"వచ్చింది. నిన్న కూడా వచ్చింది. వల బరువుగా ఉందని రాశాడు."

"అయితే మొదటి పీపా మంచిదేనే! పరిగెట్టు గుంటా. రెండోది ముట్టద్దని రాసీ. నిలబడ్డావేటి?"

నిలబడింది ఎందుకంటే, రాస్తే ఏమవుతుందో అక్కడున్నవాళ్లలో ఆమెకొక్కతికే తెలుసు.

*

అయినా రాసింది. ఉత్తరం వెళ్లింది. తీసుకున్నాం అని గేటు అంది. పడవ మీది టపా పెట్టెలో ఉత్తరం పడితే ఆ పెట్టె తనంతట తనే "చేరింది" అని జవాబిస్తుంది. పది నిమిషాలు చూశారు. ఇరవై నిమిషాలు చూశారు. ఏ జవాబూ రాలేదు.

"మింగేసింది" అన్నారు టీచరు.

టౌనుకెళ్లి ఇంకో చోటి నుంచి పంపుదామంటే ఆ పెట్టె సొంత ఊరి సర్వర్ తెచ్చినవి తప్ప తీసుకోదు. సముద్రం మీద కాపలా కాసేవాళ్లకి కొర్లమ్మ ఫోన్ చేసింది. పడవ పేరు, మనుషుల పేర్లు, పీపా రంగు అన్నీ అరిచి చెప్పింది. వాళ్లు శ్రద్ధగానే విన్నారు. ఓడ బయలుదేరుతుంది, అంత దూరం చేరేసరికి రేపు పొద్దున అవుతుంది అన్నారు.

"రేపు పొద్దుట కాడికి ఎందుకు బావూ!" అని కొర్లమ్మ ఫోన్ పట్టుకునే ఏడ్చింది.

రత్నం గది మూలనున్న బల్ల వంక చూడకూడదనుకుంది. అయినా చూసింది. పాత తువాలు కింద పడవ వైర్‌లెస్ రేడియో ఉంది. అది పడవలో ఉండి ఉంటే కాపలావాళ్లు ఈపాటికే పిలిచి చెప్పేవాళ్లు. ఆదివారం తండ్రి తెచ్చి అక్కడ పెట్టాడు. "నీ టపా ఉంది కదే. ఈ డొక్కు రేడియో మొయ్యడం ఎందుకు? బాగుసేయించి ఉంచు" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆమెకి ఎంత గర్వంగా అనిపించిందో, ఆ రోజు డైరీలో అరపేజీ రాసుకుంది.

పన్నెండు దాటింది. టీచరు తలుపు దగ్గరికి వేసి స్టూలు లాక్కుని రత్నం ఎదురుగా కూర్చున్నారు.

"ఒక దారి ఉంది. చెప్పకుండా ఉంటే బావుండుననిపిస్తోంది. కానీ చెప్పకపోతే అది కూడా తప్పే."

రత్నం తెర వదిలి ఆమె వైపు తిరిగింది.

"ప్రాణం మీదికి వచ్చినప్పుడు వాడుకోవడానికి గేటుకి ఇంకో తలుపు ఉంది. దాన్లో ఉత్తరం ఆగదు. సర్వర్ అంకె చూడదు. అవతల గంట మోగించి మరీ ఇస్తుంది. బదులుగా రాసినవాళ్ల ఊపిరి ముద్రని కాల్చేస్తుంది. ఆ తర్వాత ఆ ఊపిరితో రాసినది ఏ గేటూ తీసుకోదు. ఎప్పటికీ."

"ఎప్పటికీ అంటే..."

"నాకు పదకొండేళ్లయింది."

బయట కాకి ఒకటి రేకుల మీద నడుస్తున్న చప్పుడు గదిలోకి స్పష్టంగా వినబడుతోంది.

"ఈ పట్టీ చేసిన ల్యాబులో నేనూ ఉన్నాను. ఊరికే తెరుచుకునే తలుపయితే ముందు దొంగలే దూరతారు, దానికి ఖరీదు ఉండాలని పట్టుబట్టింది నేనే. వంతెన కొట్టుకుపోయినరోజు ఒక బస్సుని ఆపడానికి ఆ ఖరీదు నేనే కట్టాను. బస్సు ఆగింది." టీచరు తన చేతులు చూసుకున్నారు. "మా అక్క ఉత్తరాలు నాకు వస్తూనే ఉన్నాయి. నేను రాసేవి పోవు. నేను అలిగాననుకుంటోంది. అందుకే రత్నం, టపా పెట్టినప్పుడు నీ ఊపిరి అడిగాను. నాది చెల్లదు కనక."

వచ్చే నెల ఇరవైలోపు రత్నం కాలేజీకి ఉత్తరం రాయాలి. సముద్రం గురించి చదివే కోర్సు. ఎందుకు చదవాలనుకుంటున్నావో సొంత ఊపిరితో రెండు పేజీలు రాసి పంపాలి. ఆ రెండు పేజీలూ ఆమె ఇప్పటికే పన్నెండుసార్లు రాసి, దిద్ది, దాచుకుంది. నలుగురిలో నోరు విప్పలేని పిల్ల. తన మనసులో ఏముందో ఇంతవరకు ఎవరికి తెలిసినా, అది రాతలోనే తెలిసింది.

తలుపు తోసుకుని పోలమ్మ లోపలికి వచ్చింది. ఎంతసేపటి నుంచి బయట నిలబడిందో. వేళ్లకి ఇంకా పసుపు ఉంది.

"నాది కాల్చీండి టీచరమ్మా. బొట్టెట్టింది నాను. నాకు రాత రాదు, కోత రాదు. నా ఊపిరి పోతే ఎవులికి నష్టం?"

"కాల్చడానికి ముందు అందులో నమ్మకం పోగయి ఉండాలి పోలమ్మగారూ. వందల ఉత్తరాలు రాసినవాళ్లకే అది ఉంటుంది. సర్వర్ అంకె పడిపోయింది గానీ రత్నం సొంత అంకె తొంభై మూడు. ఈ ఊళ్లో అంత ఉన్నది ఈ పిల్లకే."

"అంటే మంచిగా రాసినందుకేనేటి ఈ శిక్ష?"

టీచరు మీటల పలకని రత్నం ముందుకి జరిపారు.

రత్నం పట్టీని ఛాతీకి ఇంకాస్త బిగించుకుంది. "ఎన్ని మాటలు రాయచ్చు?" అంది.

"ఇరవై. ఒకే విడతలో రాయాలి. ఇంకొకరు చెప్పింది రాసినట్టున్నా, భయపెట్టి రాయించినట్టున్నా తలుపు తెరుచుకోదు. ఒకసారే అవకాశం."

ఆమె వేళ్లు మీటల మీద పెట్టింది. నాన్నా అని కొట్టింది. తర్వాత వేళ్లు వాటంతట అవే కదిలాయి.

నాన్నా, ఇక్కడ మేమంతా క్షే

"ఆగు!" టీచరు అరవబోయి చేత్తో నోరు మూసుకున్నారు. ఆ వాక్యమే నిన్న నలభై మూడుసార్లు పోయింది. అది పూర్తయితే ఈ తలుపు కూడా మూసుకుంటుంది.

రత్నం తెర వంక చూసింది. క్షే. క్షేమమా? మామ్మ గోడకి ఆనుకుని నేల మీద కూలబడి ఉంది. కొర్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గుమ్మంలో నిలబడింది. ఇక్కడ ఎవరూ క్షేమంగా లేరు. ఇన్నాళ్లూ ఆ మాట ఎన్ని వందలసార్లు రాసిందో, ఒక్కసారి కూడా దాని అర్థం చూసి రాయలేదు. ఆమె ఊపిరి ఆగింది. చాలాసేపు ఆగింది. తెర మూలన పట్టీ గీసే సన్నటి గీత నిటారుగా సాగి, ఒక్కసారి వణికి కిందికి దిగింది. ఆమె ఒక్కో అక్షరమే చెరిపేసింది.

నాన్నా, రెండో పీపా ముట్టకండి. అది చెక్క మందు. మామ్మ దానికీ బొట్టు పెట్టింది. నీళ్లు ఇక్కడున్నాయి. తిరిగి రండి.

పంపింది.

గేటు వెంటనే జవాబివ్వలేదు. ఆ కొన్ని క్షణాల్లో రత్నం ఏమీ అనుకోలేదు. అనుకోవడానికి భయమేసింది. తర్వాత తెర మీద రెండు ముక్కలు కనిపించాయి.

చేరింది.

ఈ ఊపిరి ఇక చెల్లదు.

*

చేరడం వేరు, చదవడం వేరు. పడవలో గంట మోగుతుంది నిజమే. వల లాగుతున్న మనుషులు ఇంజను చప్పుడులో దాన్ని వినాలి కదా. ఒకటి అయింది. రెండు అయింది. కబురు పాకి ఐసు ఫ్యాక్టరీ ముందు ఆడవాళ్లు గుమిగూడారు. ఎవరో మజ్జిగ గ్లాసు తెచ్చి ఆమె పక్కన పెట్టారు. ఆమె తాగలేదు.

మూడుంబావుకి తెర మీద ఉత్తరం వచ్చింది. దానయ్య తప్పులతో, కామాలు లేకుండా, ఒంటివేలితో కొట్టిన ఉత్తరం. రత్నం మొదటి వాక్యం చదివి ఆగిపోయింది. టీచరే గట్టిగా చదివారు.

"ఇక్కడ మేమంతా క్షేమం. గంట ఇని సదివాను. అప్పటికే గురయ్య మావ ఆత్రపడి పీపా తీసి ఒక గుక్క తాగినాడు సేదని ఊసీసినాడు. రెండుసార్లు కక్కినాడు ఇప్పుడు తొంగున్నాడు మాటాడతన్నాడు. మిగతావోలం ముట్టలేదు. పీపాకి తాడు కట్టి దూరం పెట్టినాం. దగ్గర్లో ఓడవోలు నీలు ఇచ్చినారు. ఎనక్కి వస్తన్నాం. మామ్మని తిట్టకు."

గుమ్మంలో గోల బయలుదేరింది. ఏడుపు, నవ్వు కలిసిన గోల. గురయ్య పెళ్లాం "సేదని ఊసీసినాడట! నా కూర మాత్రం ఎప్పుడూ ఊసీలేదు సచ్చినోడు" అని ఏడుస్తూనే నవ్వింది.

తండ్రి ఉత్తరానికి జవాబు రాయబోయి రత్నం వేళ్లు వెనక్కి తీసుకుంది. తెర మీద ఆ మొదటి వాక్యాన్నే చూస్తూ కూర్చుంది. ఎన్నడూ చూడనట్టు చూసింది.

*

గురయ్య ఆసుపత్రిలో ఆరు రోజులున్నాడు. ఇప్పటికీ మెట్లెక్కితే ఆయాసపడతాడు. నీలం పీపాల్లో మందుది ఎర్ర రంగు వేసుకుని విడిగా కూర్చుంది. పోలమ్మ దాన్ని చూసినప్పుడల్లా మొహం తిప్పుకుంటుంది.

టపాకి ఇప్పుడు పూచీ ఒక్కరు కాదు, పంతొమ్మిది మంది. "నా ఊపిరి నానే పెట్టుకుంటాను" అని మొదట కూర్చున్నది కొర్లమ్మ. బస్సుల బోర్డులు చదవడానికి నేర్చుకున్న నాలుగు అక్షరాలకి ఇంకో నలభై కలుపుకుంది. ఉత్తరానికి గంట పడుతుంది. చెమటలు కారుస్తూ, నాలుక బయటపెట్టి, ఒక్కో మీట వెతుక్కుంటూ రాస్తుంది. అంత నిజమైన ఊపిరి గేటు ఎన్నడూ చూసి ఉండదని టీచరు నవ్వుతారు. పోయినవారం టీచరే కొర్లమ్మ పక్కన కూర్చుని వాళ్ల అక్కకి ఉత్తరం చెప్పి రాయించుకున్నారు. అంకె నలభై రెండుకి వచ్చింది.

పద్దెనిమిదో తారీకున రత్నం కొర్లమ్మ ముందు కూర్చుంది. చేతిలో డైరీ ఉంది. తెరవలేదు.

"సెప్పవే. ఎవులికి?"

"కాలేజీకి అత్తా."

"అలగయితే ముందర 'ఇక్కడ మేమంతా క్షేమం' రాస్తన్నాను."

"అది కాలేజీ అత్తా. అక్కర్లేదు."

"ఏం, సదువుకున్నోలకి మన క్షేమం అక్కర్లేదేటి? నాను రాస్తన్నాను." రాసింది. అయిదు నిమిషాలు పట్టింది. "ఊఁ, తరవాత?"

రత్నం గోడవైపు చూసింది. రెండు పేజీలు ఆమెకి కంఠతా వచ్చు. అవి రాసేటప్పుడు వినేవాళ్లు లేరు. ఇప్పుడు ఎదురుగా ఒక మనిషి, గుమ్మంలో మరో ముగ్గురు ఉన్నారు. చెవులు వేడెక్కాయి.

"నేను సొంతంగా రాసి పంపలేను" అంది. "ఎందుకో టీచరుగారు విడిగా చెబుతారు. నన్ను పిలిస్తే వస్తాను. మీరు అడిగినవాటికి..." ఆమె గొంతు తగ్గిపోయింది.

కొర్లమ్మ మీటల మీద వేలు ఎత్తిపట్టుకుని, చెవి ముందుకి పెట్టింది.

"ఏటీ? గట్టిగా సెప్పు గుంటా. ఇనబడ్లేదు."

రత్నం నిండా ఊపిరి పీల్చుకుంది.

"నేను మాట్లాడతాను" అంది, గుమ్మంలో ఉన్న ముగ్గురికీ వినబడేలా.